క్రేమా ముట్టడి, 1159–60: చక్రవర్తి యుద్ధమా, ఇరుగుపొరుగు పగా?

పాతకోట (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. మధ్యయుగపు ఇటలీ గురించి చదువుతున్నప్పుడల్లా నన్ను ఒక చిన్న ఊరు ఆపేస్తోంది. లొంబార్డీ మైదానంలో సెరియో నది ఒడ్డున, మిలాన్‌కు ఆగ్నేయంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న క్రేమా ఆ ఊరు. పవిత్ర రోమన్ చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా 1158 ఆగస్టులో మిలాన్‌ను చుట్టుముట్టగా, అంతటి మహానగరం సెప్టెంబరు మొదటి వారం దాటగానే లొంగిపోయింది. మరుసటి ఏడు జులైలో అదే చక్రవర్తి క్రేమా ముందు గుడారాలు వేసుకొని, ఎండాకాలం, శరత్తు, సగం శీతాకాలం అక్కడే గడిపి, 1160 జనవరి చివరకు గాని ఊరిని స్వాధీనం చేసుకోలేకపోయాడు.

నా సందేహాలు రెండు. మిలాన్ నెల రోజులు నిలిస్తే క్రేమా దాదాపు ఏడు నెలలు ఎలా నిలిచింది? అంతకంటే ముఖ్యంగా, ఒక చక్రవర్తి ఇంత చిన్న ఊరి కోసం అంత కాలాన్నీ, అంత సైన్యాన్నీ ఎందుకు ధారపోశాడు? పాఠ్యపుస్తకాలు దీన్ని "చక్రవర్తికీ స్వేచ్ఛానగరాలకూ మధ్య పోరు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. ఆ ముక్క నాకు మింగుడు పడటం లేదు.

లెక్కలపద్దు

పాతకోట గారూ, మీ రెండో సందేహానికి జవాబు వెండిలో ఉంది. క్రేమా గోడలు కూల్చివేయించడానికి క్రెమోనా నగరం చక్రవర్తికి 15,000 మార్కుల వెండి ఇవ్వజూపింది. పేర్లు దగ్గరగా ఉన్నాయి గనుక కొత్తగా చదివేవారు తికమకపడకూడదని ముందే చెబుతున్నాను: క్రేమా ముట్టడికి గురైన చిన్న ఊరు, క్రెమోనా దానికి దక్షిణాన పో నది ఒడ్డున ఉన్న పెద్ద నగరం, దాని బద్ధశత్రువు.

ఆ 15,000 ఎంత పెద్ద మొత్తమో తెలియాలంటే ఇంకొక అంకెను పక్కన పెట్టి చూడాలి. 1158లో ఓడిపోయిన మిలాన్ మీద చక్రవర్తి విధించిన జరిమానా 9,000 మార్కులు. అంటే ఇటలీలోకెల్లా సంపన్నమైన నగరం ఓడిపోయి చెల్లించవలసిన దానికంటే, పొరుగున ఉన్న చిన్న ఊరి గోడలు నేలమట్టం కావడానికి క్రెమోనా ఇవ్వడానికి సిద్ధపడిన మొత్తమే ఎక్కువ. మార్కును కొలోన్ తూకంలో సుమారు 233 గ్రాములుగా లెక్కగడితే, 15,000 మార్కులు మూడున్నర టన్నుల వెండి అవుతుంది. పగకు ఇంత స్పష్టమైన ధర కట్టిన సందర్భం నాకు చరిత్రలో మరొకటి తటస్థపడలేదు.

అడ్డపుల్ల

లెక్కలపద్దు గారి అంకెలను నేను కాదనను గాని, డబ్బు కోసమే చక్రవర్తి కదిలాడంటే ఆయనను కూలికి వచ్చిన సేనానిగా మార్చినట్టవుతుంది. 1158 నవంబరులో రొంకాలియా మైదానంలో జరిగిన సభను మరచిపోకండి. బొలోన్యా న్యాయపండితులు నలుగురు, అంటే బుల్గారుస్, మార్తినుస్, హ్యూగో, యాకోబుస్, ఆ సభలో పాల్గొన్నారు. సుంకాలు, టంకశాలలు, రేవులు, నదీమార్గాలు, అధికారుల నియామకం, ఇవన్నీ రాజహక్కులని, వాటిని నగరాలు తమకు తాముగా అనుభవించడం చెల్లదని అక్కడ తీర్మానమైంది. ఆ హక్కుల వల్ల ఏటా 30,000 తలెంతుల (పాతకాలపు ధనపు కొలత) ఆదాయం వస్తుందని ఆస్థాన చరిత్రకారుడు రాహెవిన్ రాశాడు. దానితో పోలిస్తే క్రెమోనా ముడుపు ఒక్కసారి చేతికందే సొమ్ము మాత్రమే.

1159 ఆరంభంలో రెండు చోట్ల చక్రవర్తి ఆజ్ఞకు ఎదురుదెబ్బ తగిలింది. మిలాన్‌లో కాన్సుళ్ళకు (నగరం తానే ఎన్నుకునే పాలకులకు) బదులు తన మనిషిని పాలకుడిగా నిలపడానికి వెళ్ళిన దూతల మీద జనం తిరగబడ్డారు. క్రేమాలో గోడలు కూల్చుకొని కందకాలు పూడ్చుకోవాలన్న ఆజ్ఞను తీసుకెళ్ళిన దూతలు ప్రాణాలు దక్కించుకొని బయటపడటమే గగనమైంది. ఆజ్ఞను ధిక్కరించిన ఊరిని విడిచిపెడితే రొంకాలియా తీర్మానాలు కాగితానికే పరిమితమవుతాయి. కనుక క్రెమోనా డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా చక్రవర్తి రావలసినవాడే.

తాళపత్రం

అడ్డపుల్ల గారి వాదంలో ఒక చిక్కు ఉంది. గోడలు కూల్చమనే ఆజ్ఞ క్రేమాకు ఎందుకు వెళ్ళింది? రొంకాలియా నియమాలు అందరికీ వర్తించేవే అయినప్పుడు క్రెమోనా గోడల జోలికి ఎవరూ పోలేదేమి? ఆజ్ఞలోని విషయాన్ని ఎంచినది క్రెమోనా, దానికి రాజముద్ర వేసినది చక్రవర్తి అని నేను చదువుకుంటాను.

ఈ పగ మూలాలు ఇంకా వెనక ఉన్నాయి. 1098 జనవరి 1న టస్కనీ ప్రభ్వి మతిల్దా "ఫుల్కేరియో ద్వీపం" అనే భూభాగాన్ని క్రెమోనా చర్చికీ ప్రజలకూ ధారాదత్తం చేసింది. ద్వీపమన్నది పేరుకే, అద్దా, సెరియో, ఒల్యో నదుల నడుమ వాగులూ చిత్తడినేలలూ అల్లుకున్న ప్రాంతమది. క్రేమా ఆ దత్తభూమిలోనే ఉంది. అప్పటినుంచి క్రెమోనావారి దృష్టిలో క్రేమా తమ పట్టాభూమిలో వెలసిన ఊరు. క్రేమావారి దృష్టిలో మాత్రం ఎవరో దొరసాని ఎవరికో రాసిచ్చిన పత్రం తమ మెడకు ఉరితాడు కాజాలదు. క్రెమోనా నుంచి కాపాడుకోవడానికి వారు మిలాన్ నీడన చేరారు. మిలాన్‌కు అది కలిసొచ్చింది, ఎందుకంటే క్రెమోనా పొలిమేరలోనే తన మాట వినే కోట ఒకటి దొరికింది. ఇరువైపులా అరవై యేళ్ళు ఇలా నలిగిన తరవాతనే బార్బరోసా రంగం మీదికి వచ్చాడు. తగవు ఆయన కంటే పెద్దది, వయసులోనూ మొండితనంలోనూ.

మిలానువాసి

నేను ఉద్యోగరీత్యా మిలాన్‌లో ఉంటున్నాను. నిరుడు శీతాకాలంలో ఒక ఆదివారం త్రెవీల్యోలో రైలు మారి క్రేమాకు వెళ్ళి వచ్చాను. కోట అనగానే మనకు గుట్ట మీద కట్టడం మనసులో మెదులుతుంది. అక్కడ గుట్ట కాదుగదా, చిన్న మిట్ట కూడా లేదు. అంతా అరచేయిలాంటి చదును నేల, ఎక్కడ చూసినా కాలువలు, పొద్దెక్కినా విడిపోని మంచు. ఊరి చుట్టూ ఇప్పుడు కనిపించే గోడల భాగాలు వెనిస్ పాలనలో, 15వ శతాబ్దం చివర మొదలుపెట్టి కట్టినవి. బార్బరోసా చూసిన గోడలో ఒక్క ఇటుక కూడా కంటికి కనబడదు.

కాని ఆ నేలను చూసిన తరవాత పాతకోట గారి మొదటి సందేహం నాకు సందేహంగా మిగలలేదు. ఆ ఊరికి కొండ చేయవలసిన పనిని నీరు చేసింది. రెండు వరుసల గోడలు, నీరు నిండిన కందకం, వాటికి ఆవల బరువైన యంత్రాలు దిగబడిపోయే చిత్తడి. మిలాన్ విషయం వేరు: అక్కడ నోళ్ళు ఎక్కువ, తిండి తక్కువ, ఆకలీ రోగమూ నెల రోజుల్లోనే పని కానిచ్చాయి.

మరో సంగతి. 1111లో మిలాన్ ధ్వంసం చేసిన లోది నగరాన్ని 1158 ఆగస్టు 3న బార్బరోసా అద్దా నది ఒడ్డున కొత్త చోట ప్రతిష్ఠించాడు. పటం తెరిచి చూడండి: పడమట లోది, దక్షిణాన క్రెమోనా, రెండూ చక్రవర్తి పక్షం. ఆ రెంటి నడుమ మిలాన్ మిత్రపక్షపు క్రేమా చెప్పులో రాయిలా ఉంది. తూర్పున మిలాన్ మిత్రనగరమైన బ్రెషియాకు పోయే దారి కూడా అటే. డబ్బు, చట్టం, పగ అన్నీ సరే గాని, దారులు కూడా లెక్కలోకి రావాలి.

వడ్రంగి మనవడు

ఇంతవరకూ ఎందుకు అన్నదే నడిచింది. ఎలా అన్నది నన్ను చెప్పనివ్వండి. మా తాతగారు రథం పనిచేసిన మనిషి, చెక్కచక్రాల మీద పెద్ద బరువును కదిలించడం ఎంత కష్టమో చిన్నతనంలో కళ్ళారా చూశాను.

ముట్టడిలో కీలకమైన యంత్రం చక్రాల మీద నడిచే చెక్క బురుజు. గోడకంటే ఎత్తుగా అంతస్తులు కట్టి, పై అంతస్తు నుంచి విలుకాండ్రు గోడ మీదివారిని కొడుతూ ఉంటే, మధ్య అంతస్తు నుంచి వంతెనను గోడ మీదికి దించి సైనికులు దూకుతారు. అది గోడ దాకా వెళ్ళాలంటే ముందు కందకం పూడాలి, పూడిన చోట నేల గట్టిపడాలి, లేకుంటే బురుజు ఒరిగి తనవారి మీదే కూలుతుంది. చక్రవర్తి పక్షంవారు మట్టి నింపిన పీపాలు రెండు వందలకు పైగా కందకంలో దొర్లించి, ఆ పైన దాదాపు 2,000 బండ్ల మట్టి పోశారని లోది చరిత్రకారుడు ఓట్టో మొరేనా రాశాడు. పైనుంచి రాళ్ళు పడుతుండగా బండి తరవాత బండి తోలుకెళ్ళి దింపి రావడమంటే, ఆ పనిచేసినవారి పేర్లు ఎవరూ రాయలేదు గాని, ముట్టడి భారమంతా మోసినవారు వారే.

లోపలివారు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. వారి దగ్గరా రాళ్ళు విసిరే యంత్రాలున్నాయి, వాటిని నడిపించే నేర్పరి మార్కిసియో ఉన్నాడు. ముట్టడి సాగుతుండగా ఈ మార్కిసియో గోడ దాటి చక్రవర్తి పక్షాన చేరిపోయాడు. చక్రవర్తి అతడికి ఘనంగా బహుమతులిచ్చి కొత్త బురుజు కట్టించాడు. గోడలో ఏ భాగం బలహీనమో, లోపలి యంత్రాల గురి ఎంత దూరమో తెలిసిన మనిషి ఒక్కడు అవతలికి వెళితే 2,000 బండ్ల మట్టి చేయలేని పని జరుగుతుంది. నా దృష్టిలో క్రేమా ఓటమి మొదలైనది 1160 జనవరిలో కాదు, మార్కిసియో గోడ దాటిన రాత్రే.

అడ్డపుల్ల

"రాత్రే" అని మీకెవరు చెప్పారు?

వడ్రంగి మనవడు

ఎవరూ చెప్పలేదు, కలం జారింది. "రోజే" అని సవరించుకుంటున్నాను.

తాళపత్రం

బురుజు ప్రస్తావన వచ్చింది గనుక, ఈ ముట్టడి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే ఘోరాన్ని దాటవేయకూడదు. లోపలినుంచి పడే రాళ్ళకు బురుజు ముక్కలవుతుంటే, చక్రవర్తి తన దగ్గర జామీనుగా ఉన్న క్రేమా బందీలనూ, చిక్కిన మిలాన్ యోధులనూ ఆ బురుజుకు ముందువైపు కట్టించి గోడ వైపు నడిపించాడు. తమ బిడ్డల మీద, తమ చుట్టాల మీద రాళ్ళు వేయలేరని ఆయన అంచనా. లోపలివారు రాళ్ళు ఆపలేదు. కట్టివేయబడినవారిలో కొందరు అక్కడే ప్రాణాలు విడిచారు, మరికొందరి కాళ్ళూ చేతులూ విరిగాయి. మొరేనా మృతుల పేర్లు వరుసగా రాశాడు. అందులో మిలాన్ వారూ ఉన్నారు, క్రేమా వారూ ఉన్నారు. ఆఖరుకు బురుజునే వెనక్కి లాగవలసి వచ్చింది.

ఇక్కడ రాసినవారెవరన్నది గమనించాలి. రాహెవిన్ ఆస్థానం మనిషి. ఆయన కథనంలో నేరమంతా సొంతవారి మీద రాళ్ళు వేసిన క్రేమావారిదే, వారు అనాగరికులు. మొరేనా లోది వాడు, అంటే మిలాన్ చేతిలో బూడిదైన ఊరి బిడ్డ, వృత్తిరీత్యా న్యాయాధికారి, చక్రవర్తిని దేవుడిలా చూసినవాడు. అయినా ఆ పేర్ల వరుస రాసేటప్పుడు ఆయన కలం విజయోత్సాహంతో నడవలేదని నాకు అనిపిస్తుంది. శత్రువే కావచ్చు, పక్క ఊరివాళ్ళు. ఎవరి కొడుకు ఎవరో ఆయనకు తెలుసు. జర్మనీలో కూర్చొని రాసిన రాహెవిన్‌కు వారు గుంపు మాత్రమే. మొదట ప్రశ్నించిన పాతకోట గారికి నా జవాబు ఈ తేడాలోనే ఉంది: ఇది పొరుగువారి యుద్ధం కనుకనే ఇంత క్రూరంగా సాగింది.

అడ్డపుల్ల

పొరుగువారి పగ అంటూ చక్రవర్తిని పక్కకు తప్పించకండి. బురుజుకు మనుషులను కట్టమన్నది క్రెమోనా కాదు. తెగిన తలలను బంతుల్లా విసురుకొన్న శిబిరానికి అధిపతీ ఆయనే. ఆ మాట రాసినది ఆయన సొంత చరిత్రకారుడే. ప్రతిగా లోపలివారు తమ చేతికి చిక్కినవారిని గోడ మీద నిలబెట్టి అందరూ చూస్తుండగా చంపారు, బయట ఉరికంబాలు లేచాయి. ఎవరు మొదలుపెట్టారన్న లెక్క తేలదు గాని, ఆపగలిగిన అధికారం ఒక్కరికే ఉంది.

తాళపత్రం

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నాను.

పాతకోట

చర్చ ఇంత దూరం వస్తుందని అనుకోలేదు. నేను మరికొంత చదివి వచ్చాను. ముట్టడి సాగుతుండగానే బయటి ప్రపంచం తలకిందులైంది. పోప్ నాలుగో ఏడ్రియన్ ఆ వేసవిలో మిలాన్, బ్రెషియా, పియాచెంజా, క్రేమాల దూతలతో అనాన్యీ పట్టణంలో మంతనాలు జరిపి చక్రవర్తికి వ్యతిరేకంగా ఒప్పందానికి వచ్చాడు. సెప్టెంబరు 1న ఆయన కన్నుమూశాడు. అదే నెల 7న రోములో జరిగిన ఎన్నికలో కార్డినళ్ళు చీలిపోయి మూడో అలెగ్జాండర్, నాలుగో విక్టర్ అని ఇద్దరు పోపులు తేలారు. ఇద్దరిలో ఎవరు అసలైనవారో తేల్చడానికి చక్రవర్తి పావియాలో మహాసభ పిలిచాడు. జనవరిలో జరగవలసిన ఆ సభ క్రేమా పడకపోవడం వల్లనే ఫిబ్రవరికి వాయిదా పడింది. యావత్ క్రైస్తవలోకపు తగవు ఒక చిన్న ఊరి కందకం దగ్గర ఎదురుచూస్తూ నిలబడింది! ఆ దశలో వెనుదిరిగితే పరువు పోతుంది, ఉండిపోతే కాలం పోతుంది. మొదట ఏ కారణంతో వచ్చినా, శరత్తు నాటికి చక్రవర్తి తాను పన్నిన ఉచ్చులో తానే ఉన్నాడనిపిస్తోంది.

లెక్కలపద్దు

బాగా పట్టుకున్నారు. ఇక ముగింపు సంగతి. 1160 జనవరి 21న బురుజుల వంతెనల మీదుగా జరిగిన దాడిలో బయటి గోడ చేజారింది, రక్షకులు లోపలి గోడ వెనక్కి తగ్గారు. అక్విలేయా పాత్రియార్క్ (ఉన్నత మతాధికారి) పెల్లెగ్రీనో, సాక్సనీ డ్యూకు హెన్రీ (సింహం బిరుదాంకితుడు) మధ్యవర్తులుగా రాజీ కుదిరింది. ఊరివారు ప్రాణాలతో, వీపున మోయగలిగినంత సామానుతో వెళ్ళిపోవచ్చు. సహాయానికి వచ్చిన మిలాన్, బ్రెషియా సైనికులు మాత్రం ఆయుధాలు వదిలి ఉత్తచేతులతో పోవాలి. జనవరి ఆఖరి వారంలో, అంత చలిలో, ఆడామగా పిల్లాజెల్లా ఊరు ఖాళీ చేశారు. తరవాత దోపిడి, నిప్పు. గోడలు పడగొట్టే పనికి క్రెమోనావారిని ఎవరూ బతిమాలవలసిన అవసరం కలగలేదు.

మిలానువాసి

రెండేళ్ళకు అదే ఆట మిలాన్‌లో ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. 1162 మార్చి 1న మిలాన్ లొంగింది, నెలాఖరులో కూల్చివేత మొదలైంది. అప్పుడు చక్రవర్తి నగరాన్ని ద్వారాల వారీగా శత్రునగరాలకు పంచి ఇచ్చాడు: తూర్పు ద్వారం లోదికి, రోమా ద్వారం క్రెమోనాకు, తిచీనో ద్వారం పావియాకు, కోమో వైపు ద్వారం కోమోకు, వెర్చెల్లీ ద్వారం నొవారాకు. లోదిని మిలాన్ 1111లో, కోమోను 1127లో నాశనం చేసింది. ఆ పాత బాకీలన్నీ ఆ వారంలో వడ్డీతో సహా వసూలయ్యాయి. మిలాన్‌లో ఆ ద్వారాల పేర్లు కొన్ని ఈనాటికీ పేటల పేర్లుగా వాడుకలో ఉన్నాయి. నేను రోజూ మెట్రో ఎక్కే స్టేషను పేరు పోర్తా రోమానా. క్రెమోనా వాటాకు వచ్చిన పేటలో కాపురం ఉంటున్నానన్న సంగతి ఈ చర్చ వల్లనే స్ఫురించింది.

అడ్డపుల్ల

పొరుగు పగే మూలమనేవారు తరవాతి ఇరవై ఐదేళ్ళను కూడా వివరించాలి. 1167 వసంతంలో అదే క్రెమోనా బెర్గామో, బ్రెషియా, మాంతువాలతో చేయి కలిపింది. ఆ కూటమే మిలాన్ ప్రజలను తిరిగి తీసుకొచ్చి సొంత నగరంలో నిలిపింది. రోమా ద్వారం పడగొట్టి అయిదేళ్ళే అయింది! కారణం, చక్రవర్తి అధికారులు వసూళ్ళలో మిత్రులనూ వదల్లేదు. 1176 మే 29న లెన్యానో దగ్గర కూటమి సేన చక్రవర్తిని ఓడించగా, ఆ ఏడు ముగిసేలోగానే క్రెమోనా మళ్ళీ చక్రవర్తితో సంధి చేసుకుంది. ఇంతలో ఎన్ని పగలు, ఎన్ని పొత్తులు!

తాళపత్రం

అన్నీ మారాయి, ఒక్క విషయం మాత్రం మారలేదు: క్రేమా తిరిగి లేవకూడదన్న క్రెమోనా పంతం. దానికి చివరి దెబ్బ కొట్టినది ఎవరనుకున్నారు? బార్బరోసానే. 1183లో కాన్‌స్టన్స్ సంధితో లొంబార్డ్ నగరాలతో తగవు తీరింది. 1185లో ఆయన మిలాన్‌తో నేరుగా మైత్రి ఒప్పందం చేసుకొని, అందులో భాగంగా క్రేమాను తిరిగి కట్టనిస్తానని మాట ఇచ్చాడు. ఆ ఏడు మే నెలలో, తాను కూల్పించిన ఊరిని తానే నిలబెట్టించాడు. క్రెమోనా ఎదురుతిరిగితే 1186లో దాని మీదికే దండు నడిపించి, క్రేమాను అదుపులో ఉంచడానికి వారు కట్టుకున్న కాస్తెల్‌మన్‌ఫ్రేదో కోటను నేలమట్టం చేయించాడు. 15,000 మార్కులు తిరిగి ఇచ్చినట్టు మాత్రం ఎక్కడా లేదు.

లెక్కలపద్దు

అదే సంవత్సరం జనవరి 27న ఆయన కొడుకు ఆరో హెన్రీకి సిసిలీ రాకుమారి కాన్‌స్టన్స్‌తో పెళ్ళి జరిగినది ఎక్కడో తెలుసా? మిలాన్‌లో, సాంత్ అంబ్రోజియో ఆలయంలో. క్రేమా ప్రజలు మూటలు నెత్తిన పెట్టుకొని ఊరు విడిచి అప్పటికి సరిగ్గా ఇరవై ఆరేళ్ళు.

పాతకోట

"సరిగ్గా" అన్న మాటతో అడ్డపుల్ల గారు వచ్చేలోగా నేనే చెబుతాను: ఊరు లొంగిన తేదీని కొందరు 26 అనీ, కొందరు 27 అనీ రాస్తారు. ఒక రోజు అటూ ఇటూ.

నా మొదటి టపాలోని శీర్షికను మార్చాలా అని ఆలోచించాను గాని, అలాగే ఉంచుతున్నాను. మిలానువాసి గారికి ఒక విన్నపం: ఈసారి క్రేమా వెళ్ళినప్పుడు అక్కడి ప్రధాన చర్చి ఫొటో ఒకటి తీసి పెట్టండి. 1185 తరవాత మొదలైన కట్టడాన్ని 1284 నుంచి 1341 దాకా ఎర్ర ఇటుకతో మళ్ళీ కట్టారని చదివాను.

మిలానువాసి

తప్పకుండా. కాని మార్చి దాకా ఆగాలి. ఇప్పుడు వెళితే మంచులో చర్చి ముఖం కూడా కనబడదు, నిరుడు అదే జరిగింది.